ప్రోగ్రాములో చిక్కు: కొలిచే పద్ధతీ, విప్పే పద్ధతీ
(సాంస్కృతికోత్సవాల విజ్ఞాన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కూచిపూడి ప్రదర్శనకీ, పద్యపఠనానికీ నడుమ ఇలాంటి విషయానికి అరగంట కేటాయించిన కార్యవర్గంవారి ధైర్యాన్ని ముందుగా మెచ్చుకోవాలి. అయినా ఇది మనకు మరీ పరాయి విషయమేమీ కాదు. ఈ హాలులో సగంమందికి కంప్యూటరు ప్రోగ్రాములు రాయడమే వృత్తి. తక్కినవారి ఇళ్లలో కొడుకో, కోడలో, అల్లుడో ఆ పనిమీదే ఉంటారు. ప్రోగ్రాములు రాయడం గురించి మాట్లాడేవారికి కొదవలేదు. నేను చదవడం గురించి మాట్లాడదలిచాను. ఒకరు రాసిన ప్రోగ్రాము ఇంకొకరికి ఎందుకు అర్థం కాదు? ఆ చిక్కును అంకెల్లో కొలవగలమా? కొలిచాక దాన్ని విప్పడం ఎలా?

మనవాళ్లలో చాలామంది ఈ దేశానికి వచ్చింది 1990 దశకం చివర్లో, 2000 సంవత్సరపు తేదీ సమస్య పుణ్యమా అని. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000ని 1900గా పొరబడతాయని బ్యాంకులూ, బీమా కంపెనీలూ బెంగపెట్టుకున్న రోజులవి. అప్పుడు మనవాళ్లు కొత్తగా రాసింది తక్కువే. ఎవరో ఎప్పుడో కోబాల్‌లో రాసి రిటైరయి వెళ్లిపోతే, ఆ వరుసలన్నీ చదివి తేదీ ఎక్కడెక్కడ ఉందో పట్టుకోవడమే అసలు పని. పట్టుకున్న తరవాత చాలాచోట్ల ‘ఈ రెండంకెలు 50 కంటె తక్కువైతే ముందు 20 చేర్చు, లేకపోతే 19 చేర్చు’ వంటి షరతు ఒకటి పెట్టారు. ఆ 50 ఒక్కొక్క చోట ఒక్కొక్కటిగా ఉండేది. గండం గడిచింది. కాని అలాంటి ఒక్కొక్క మరమ్మతుతో ప్రోగ్రాములో ఒక ‘అయితే’ పెరిగింది. పెరిగిన ‘అయితే’లను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇరవై ఏళ్ల తరవాత, 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ ‘కోబాల్ తెలిసినవాళ్లెవరైనా స్వచ్ఛందంగా ముందుకు రండి’ అని బహిరంగంగా అడిగారు. అప్పటి ఆలస్యానికి కోబాలే కారణమా, ఇంకేదైనానా అన్నది వేరే వాదన. ఒక రాష్ట్ర ప్రభుత్వానికి ఆ రోజు కావలసివచ్చిందల్లా పాత ప్రోగ్రాము చదవగల మనిషి. అలాంటి మనిషి దొరకకపోతే ఆ నెల అద్దె కట్టవలసినవాడికి చెక్కు రాదు. చదవడానికి వీలుగా రాయడమనేది పనివాడి సరదా అనుకునేవారు ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పవలసివచ్చింది.

ఇక కొలత సంగతి. 1976 డిసెంబరులో థామస్ మెకేబ్ అనే ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన అప్పట్లో మేరీలాండులో అమెరికా రక్షణశాఖలో పనిచేస్తుండేవాడు. ఆయన పద్ధతి ఇది: ప్రోగ్రామును గీతలూ, చుక్కలూ ఉన్న బొమ్మగా గియ్యి. గీతల సంఖ్యలోంచి చుక్కల సంఖ్య తీసివేసి, రెండు కలుపు. వచ్చినదాన్ని సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ అన్నాడు. మనం మెకేబ్ అంకె అందాం. మనలో ఎలక్ట్రికల్ ఇంజనీర్లు ఉంటే వారికి ఇది పాత చుట్టమే. కిర్కాఫ్ సూత్రాలతో సర్క్యూట్లు సాధించేటప్పుడు స్వతంత్రమైన లూపులెన్నో లెక్కపెట్టేవాళ్లం కదా, ఆ సంఖ్యే ఇది. అక్కడ ఒకటి కలిపేవాళ్లం, ఇక్కడ రెండు కలుపుతాం. ప్రోగ్రాము చివరి చుక్క నుంచి మొదటి చుక్కకి మెకేబ్ మరో గీత ఊహించుకున్నాడు, అందుకని.

బొమ్మ గియ్యక్కర్లేకుండా సులువు దారి ఒకటుంది. ‘అయితే’, ‘ఉన్నంతవరకు’, ‘ప్రతిదానికి’ వంటి నిర్ణయస్థానాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఒకటి కలిపితే చాలు. ఏ షరతూ లేని ఫంక్షనుకు అంకె 1. ఒక ‘అయితే’ ఉంటే 2. (ఫంక్షను అంటే ఏమిటని వెనక వరసలోంచి పెద్దాయన అడుగుతున్నారు. ఒక పేరు పెట్టి, ‘ఇది ఇస్తే అది తిరిగి ఇవ్వు’ అని చెప్పి ఉంచుకున్న చిన్న పని అండీ.) ఈ అంకె 10 దాటకుండా చూసుకోమన్నాడు మెకేబ్. పది అనేది శిలాశాసనం కాదని ఆయనకీ తెలుసు. అయినా ఆ హద్దు వెనక గట్టి కారణముంది: అన్ని స్వతంత్ర దారులనూ పరీక్షించడానికి ఆ అంకె ఎంతో కనీసం అన్ని టెస్టులు కావాలి. అంకె 45 అయితే 45 టెస్టులు. ఎవరు రాస్తారు?

ఆ వ్యాసంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. నిర్మాణబద్ధంగా రాయడమెలాగో ఎవరిచేతా చెప్పించుకోకపోయినా ఎప్పుడూ మూడుకీ ఏడుకీ మధ్యనే రాసేవాళ్లు తనకి తటస్థపడ్డారట. తరచు 40, 50 అంకెలతో రాసేవాళ్లు కూడా తటస్థపడ్డారట, వేరే దారి లేదని వాళ్ల వాదన. నలభై ఏళ్లు దాటినా ఈ రెండో తెగ అంతరించలేదు. వాళ్లను మీరూ ఎరుగుదురు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇలాంటి ఉత్సవానికే ప్రవేశ రుసుము లెక్కకట్టే ఫంక్షను ఒకటి ఊహించుకోండి. అది ఇలా మొదలవుతుంది: సభ్యుడా? అయితే, గడువులోపల నమోదు చేసుకున్నాడా? చేసుకుంటే, పన్నెండేళ్ల లోపు పిల్లవాడా? అయితే సున్నా. కాకపోతే విద్యార్థా? అయితే 15 డాలర్లు. అదీ కాకపోతే 30. గడువు దాటాడా? మళ్లీ పిల్లవాడా, విద్యార్థా: సున్నా, 25, 40. సభ్యుడు కాదా? మళ్లీ గడువు ప్రశ్న, దాని కడుపులో మళ్లీ పిల్లవాడి ప్రశ్న, విద్యార్థి ప్రశ్న. గడువులోపలైతే సున్నా, 35, 50. గడువు దాటితే సున్నా, 45, 55.

లెక్కపెడితే పైన ఒక ప్రశ్న, దాని కింద రెండు, వాటి కింద నాలుగు చోట్ల రెండేసి చొప్పున ఎనిమిది. మొత్తం 11 నిర్ణయాలు. ఒకటి కలిపితే 12. పది దాటింది గాని కొంపలు మునిగేంత కాదు. అయినా ఇది వింటుంటే మీకు తల తిరిగింది. మీ ముఖాలే చెబుతున్నాయి. కారణం, నాలుగో మెట్టు దగ్గరకి వచ్చేసరికి పై మూడు మెట్లలో ఏమనుకుని వచ్చామో గుర్తుపెట్టుకోవలసి రావడం. మెకేబ్ అంకెకు ఈ బరువు తెలియదు. పదకొండు ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నా, ఒకదాని కడుపులో ఒకటి ఉన్నా దానికి ఒకటే.

ఈ లోటు పూడ్చడానికి సోనార్‌సోర్స్ కంపెనీలో జి. ఆన్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అనే మరో కొలత రూపొందించింది. 2018లో ఒక సదస్సు పత్రంలో దాన్ని వివరించింది. మొదటి మెట్టు మీది ‘అయితే’కు 1, దాని లోపలిదానికి 2, ఇంకా లోపలిదానికి 3. ‘లేకపోతే’లకు ఒక్కొక్కటి. ఈ లెక్కన పై మెట్టుకు 2, మధ్య మెట్టుకు 6, అడుగు మెట్టుకు నాలుగు చోట్ల అయిదేసి చొప్పున 20. మొత్తం 28. సోనార్ సాధనం చాలా భాషలకు 15 దాటితే హెచ్చరిస్తుంది. మనది దాదాపు రెట్టింపు. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా చెప్పాలి. నెల సంఖ్య ఇస్తే నెల పేరు చెప్పే ఫంక్షనులో పన్నెండు కేసులు రాస్తే మెకేబ్ అంకె 13. అయినా ఎనిమిదో తరగతి పిల్ల చదివేస్తుంది. కాగ్నిటివ్ లెక్కలో దాని బరువు ఒకటే. ఇలాంటి సరళమైన జాబితాలకు తన పది హద్దు వర్తించనక్కర్లేదని మెకేబ్ కూడా 1976లోనే ఒప్పుకున్నాడు. ఆ మాట చదవకుండా హద్దును మాత్రం పట్టుకున్న మేనేజర్లు తరవాత వచ్చారు.

ఈ మేనేజర్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. అంకెను బహుమానానికో, దండనకో ముడిపెడితే పనివాళ్లు అంకెను తగ్గిస్తారు. 40 ఉన్న ఫంక్షనును కత్తితో నాలుగు ముక్కలు చేసి ‘మొదటి భాగం’, ‘రెండో భాగం’ అని పేర్లు పెడతారు. ఒక్కొక్కదాని అంకె 10 దరిదాపులకి వస్తుంది. చదివేవాడు మాత్రం ఇదివరకు ఒక పేజీ చదివినవాడు ఇప్పుడు నాలుగు పేజీలు తిప్పాలి. పైగా ఈ కొలతలు వేటికీ పేర్లు కనిపించవు. ఫంక్షనులో ఉన్న ‘గడువు తేదీ’, ‘సభ్యత్వం’ వంటి మంచి పేర్లన్నీ తీసేసి ఎ, బి, సి అని పెట్టండి. రెండు అంకెల్లోనూ అణుమాత్రం తేడా రాదు. నా ఉద్దేశంలో ప్రోగ్రాము అర్థం కావడంలో సగం పాలు పేర్లదే. అంచేత ఈ అంకెలను జ్వరమానిలా వాడుకోవాలి. ఎక్కడ చూడాలో చెబుతాయి, జబ్బేమిటో చెప్పవు.

అంకెకు అందని జబ్బుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 2014 ఫిబ్రవరిలో బయటపడింది. ఆపిల్ ఫోన్లలో, అవతలి వెబ్‌సైటు నిజమైనదేనా అని సంతకం సరిచూసే ఫంక్షను ఒకటుంది. అందులో ఒక ‘అయితే’ కింద ‘విఫలం దగ్గరికి దూకు’ అన్న వరుస పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది షరతు కిందిదే అన్నట్టు లోపలికి జరిపి రాసి ఉంది గాని, భాష నియమం ప్రకారం అది ఏ షరతుకూ లోబడనిది. అంచేత ప్రోగ్రాము ప్రతిసారీ అక్కడే దూకేసేది. తరవాతి తనిఖీ జరిగేదే కాదు. దూకిన వేళకు తప్పులేవీ నమోదు కాలేదు కాబట్టి ‘అంతా సవ్యమే’ అని జవాబు వచ్చేది. పబ్లిక్ వైఫై ఉన్నచోట కూర్చుని దొంగ మరో వెబ్‌సైటులా నటించవచ్చునన్నమాట. ఆపిల్ ఫిబ్రవరి 21న సవరణ విడుదల చేసింది. 1968లోనే ‘గోటూ’ హానికరమని డైక్‌స్ట్రా రాశాడుగా అని చాలామంది గుర్తుచేశారు. నాకు దూకుడు మాట కంటె, ఒకటే తీరున పదేపదే రాసిన ఆ తనిఖీల వరసలో అదనపు వరుస కంటికి ఆనకపోవడమే పెద్ద కారణమనిపిస్తుంది. దొంగ సంతకం ఇచ్చి, కాదనాలని ఎదురుచూసే టెస్టు ఒక్కటి ఉంటే చాలు, పట్టుబడేది.

ఇక విప్పడం. దీన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. పునర్వ్యవస్థీకరణ అని ఎవరైనా అంటే నాకు అభ్యంతరం లేదు గాని నాకు నోరు తిరగదు. 1992లో విలియం ఓప్డైక్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీనిమీద డాక్టరేటు సిద్ధాంతవ్యాసం రాశాడు. 1999లో మార్టిన్ ఫౌలర్ పుస్తకంతో ఆ మాట పనివాళ్ల నోళ్లలో పడింది. బయటికి కనిపించే ప్రవర్తన ఏమాత్రం మారకుండా లోపలి అమరికను బాగుచేయడం దీని అర్థం. ‘ఏమాత్రం మారకుండా’ అన్నచోటే అందరూ తొందరపడతారు.

చిన్నప్పుడు తెలుగు వాచకంలో పద్యాలకు ప్రతిపదార్థం, తాత్పర్యం రాసినవాళ్లందరికీ ఈ విద్య కొంత వచ్చు. పద్యంలో క్రియ ఒకచోట, కర్త మూడు పాదాల అవతల ఉంటుంది. మాస్టారు అన్వయక్రమం చెప్పేటప్పుడు మాటల వరస మారుస్తారు. అర్థం మారితే మార్కులు పోతాయి. పోలిక ఇంతవరకే. పద్యానికి అన్వయం చెప్పిన తరవాత కూడా పద్యం పద్యంగానే ఉంటుంది. ప్రోగ్రాముకు అన్వయం కుదిరాక పాతదాన్ని పారేస్తాం.

మన రుసుము ఫంక్షను దగ్గరికి వద్దాం. మొదట చేయవలసింది దాన్ని ముట్టుకోకపోవడం. అది ఇప్పుడేం చెబుతోందో దానిచేతే చెప్పించి రాసుకోవాలి. సభ్యుడు, సభ్యుడు కానివాడు. గడువు లోపల, తరవాత. పిల్లవాడు, విద్యార్థి, ఇతరుడు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు మూళ్లు పన్నెండు. పన్నెండు ప్రశ్నలు, పన్నెండు జవాబులు. తరవాత అంచులు: సరిగ్గా పన్నెండేళ్లు నిండినవాడి సంగతేమిటి? గడువు రోజునే నమోదు చేసుకుంటే? పిల్లవాడి షరతు నాలుగు చోట్ల రాసి ఉంది కదా, మూడు చోట్ల ‘12 కంటె తక్కువ’ అనీ, ఒకచోట ‘12 దాటకపోతే’ అనీ ఉండడం ఇలాంటి ఫంక్షన్లలో మామూలే. నకలు తీసిన ముక్కలు కాలక్రమాన విడిపోతాయి, వేరుపడ్డ అన్నదమ్ముల్లాగ. 2004లో మైకేల్ ఫెదర్స్ తన పుస్తకంలో ఈ పద్ధతికి క్యారెక్టరైజేషన్ టెస్టు అని పేరు పెట్టాడు. ప్రోగ్రాము ఏం చెప్పాలి అని కాదు, ఏం చెబుతోంది అని నమోదు చేసే టెస్టు.

ఇప్పుడు మొదలుపెట్టవచ్చు. పిల్లలకు అన్ని చోట్లా సున్నాయే కాబట్టి ఆ ప్రశ్న ముందుకు తెచ్చి, పిల్లవాడైతే సున్నా ఇచ్చి పంపించెయ్యడం. టెస్టులు నడపడం. విద్యార్థికి 15, ఇతరులకు 30 మూలధర అని పేరు పెట్టడం. మళ్లీ టెస్టులు. గడువు దాటితే 10 కలపడం, సభ్యుడు కాకపోతే 20 కలపడం. నాలుగే నిర్ణయాలు, ఒకదాని లోపల ఒకటి లేదు. మెకేబ్ అంకె 12 నుంచి 5కి, కాగ్నిటివ్ అంకె 28 నుంచి 5కి దిగింది. ఎంత బాగుంది! టెస్టులు నడిపితే ఒకటి తప్పింది.

సభ్యుడు కాని పెద్దమనిషి గడువు దాటాక వస్తే 30కి 20, దానికి 10, మొత్తం 60. పాత ఫంక్షను 55 అంటోంది. ఇందాక నేను చదివినప్పుడు మీలో ఎవరికైనా తట్టిందా? పన్నెండు అంకెల గుంపులో అది దాక్కుంది. ఇది ఎవరిదో వేలు జారడం కావచ్చు. చివరి రోజు గుమ్మం దగ్గర నిలబడ్డ కొత్తవారిని బెదరగొట్టకూడదని ఏ ఏటి కార్యవర్గమో అయిదు డాలర్లు తగ్గించి ఉండవచ్చు. ప్రోగ్రాము ముఖం చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్ నౌర్ 1985లో రాసిన ఒక వ్యాసంలో దీనికి కారణం చెప్పాడు. ప్రోగ్రాము అసలు సారం రాసినవారి మనసులోని అవగాహనట. రాతలో ఉన్నది దాని నీడ. రాసినవారు వెళ్లిపోతే నీడే మిగులుతుంది.

అంచేత ఈ ఘట్టంలో రీఫ్యాక్టరింగ్ చేసేవాడికి 55ను 60 చేసే అధికారం లేదు. తన సూత్రం అందంగా కుదరడం కోసం ఒక కుటుంబం దగ్గర అయిదు డాలర్లు ఎక్కువ వసూలు చేసినవాడవుతాడు. రుసుములో అయిదు డాలర్లు నవ్వుకుని మరిచిపోయేదే. భృతి లెక్కలోనో, మందు మోతాదులోనో ఇలాగే ఒక మూల దాగిన అంకెను ‘సరిచేసేవాడు’ ఎవరి నోటి దగ్గర ఏం తీసేస్తున్నాడో అతనికే తెలియదు. కాబట్టి 55ను 55గానే ఉంచాలి. కాని ఇకమీదట దాక్కోనివ్వకూడదు. ‘గుమ్మం దగ్గరి రుసుము’ అని పేరు పెట్టి, వేరే వరుసలో, నలుగురికీ కనబడేలా పెట్టాలి. దానివల్ల మెకేబ్ అంకె 5 నుంచి మళ్లీ కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. తరవాత కోశాధికారిని అడగాలి. ఆయన ‘తప్పే, 60 చెయ్యండి’ అంటే, అది మరో రోజు, మరో మార్పుగా, వేరే నమోదుతో చెయ్యాలి. అమరిక మార్చడమూ, అర్థం మార్చడమూ ఒకే పూట కలిపి చేస్తే, రేపు లెక్క తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో బ్రహ్మకు కూడా తెలియదు.

మరో దారి కూడా ఉంది. పిల్లల సంగతి పక్కకు తీసేశాక మిగిలేవి ఎనిమిది ధరలే. వాటిని పట్టికగా రాసుకుని, ప్రోగ్రాము పట్టికలోంచి చదువుకునేలా చేస్తే షరతులు ఇంచుమించు మాయమవుతాయి, 55 అందరి కళ్లముందూ ఉంటుంది. వచ్చే ఏడు ధరలు మారితే పట్టిక మారుస్తారు, ప్రోగ్రాము జోలికి పోరు. ఏటేటా ధరలు మార్చే మన వంటి సంఘానికి నేనైతే ఇదే సిఫార్సు చేస్తాను.

ఇప్పుడు యంత్రాలే అడిగిన వెంటనే ప్రోగ్రాములు రాసి ఇస్తున్నాయి కదా, ఇదంతా ఎందుకని కుర్రవాళ్లు అడగవచ్చు. యంత్రం నిమిషంలో రాసినదాన్ని చదివి ఒప్పుకోవలసినది ఇంకా మనిషే. రాసేవాడి చెయ్యి నొప్పిపుట్టి ఆగిపోయే రోజుల్లో 28 అంకె ఫంక్షన్లకు ఒక హద్దుండేది. ఇప్పుడు ఆ నొప్పి లేదు. ఆ 55 సంగతి యంత్రాన్ని అడిగితే ఏదో ఒక కారణం చక్కని భాషలో చెప్పవచ్చు. ఆ ఏటి కార్యవర్గంలో ఉన్నవారు మాత్రం ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు. ఫోను చేసి అడిగి, వారు చెప్పిన జవాబును ఆ వరుస పక్కన తేదీతో రాసిపెట్టండి.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. పద్యపఠనానికి వచ్చినవారిని ఇప్పటికే చాలాసేపు ఆపాను.